పాత పేరే ఉంచాను

పజుండౌంగ్,
12 సెప్టెంబరు 2021

ఏడుకొండలుకు,

ఈ ఉత్తరం చిలకమ్మ చేత పంపుతున్నాను. మీ తాకేటా నుంచి రోజూ కరివేపాకు అమ్ముకోవడానికి మా వీధికి వస్తుంది కదా, గంప అడుగున పెట్టుకుంటానంది. బర్మాలో సైన్యం గద్దెనెక్కినప్పటి నుంచీ వంతెన దగ్గర సైనికులు ఫోన్లు తీయించి చూస్తున్నారు. కాగితాల జోలికి పోవడం లేదు. ఎవరైనా అడిగితే గుళ్ళో మంత్రం అని చెబుతుందట. మన అక్షరాలు వాళ్ళకు మంత్రాల్లాగే కనిపిస్తాయి.

ఇకమీదట ఇలాగే రాసుకుందాం. ఫోన్లో నేను మాట్లాడలేను. ఎవరో వింటారని కాదు. మీ అక్క పేరు వచ్చేసరికి ఫోన్ పెట్టేస్తాను.

ప్రమోద పోయి ఎనిమిది వారాలైంది. ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం రెండున్నర దాటాక ఆమె ఫోన్ నుంచి నీకు మెసేజ్ పెట్టాను. "అక్కకు ఆక్సిజన్ డెబ్భై ఒకటికి పడిపోయింది. సిలిండర్ తీసుకుని రా" అని. రెండిళ్ళకూ కలిపి మనం సంపాదించిన సిలిండర్ నీ కొట్లో ఉందని నాకు తెలుసు. ఎవరింట్లో ముందు అవసరమైతే వాళ్ళకి అనుకున్నాం. మెసేజ్ పెట్టిన మరుక్షణం రౌటర్ మీద దీపం ఎర్రబడింది. నీకు ఫోన్ చేస్తే ఆపేసి ఉందని వచ్చింది.

ఆ మెసేజ్ నీకు అందిందా?

ఒక్క ముక్క రాయి, చాలు.

శంకరరావు


తాకేటా,
15 సెప్టెంబరు

బావకి నమస్కారాలు.

అక్క గుళ్ళో కూచోబెట్టి నేర్పిన అక్షరాలివి. తప్పులుంటే నవ్వుకో.

అందలేదు బావా. నా సిన్న ఫోను ఆ రోజు పాడై ఆగిపోయింది. కొట్లో పెద్ద ఫోను మాత్రం వైఫై మీద పొద్దంతా వెలుగుతానే ఉంది. సాయంత్రం దాకా దాని ముందే కూచున్నాను. ఏటీ రాలేదు. సిలిండరు గోడకి ఆన్చి నిండుగా ఉంది. ఒక్క మాట అందుంటే సైక్కా రిక్షా మీదేసుకుని అరగంటలో నీ మెట్ల కాడ ఉందును.

అనకూడదు గానీ, మే నెల్లోనే సెప్పేను. ఎనిమిదేళ్ళ రౌటరు డబ్బా అది, మార్చీ అని. అక్కా సెప్పింది. వానలెళ్ళనీ, తడింజుట్ దీపాల పండక్కి సూద్దాం అన్నావు. సరే, అయిపోయిందాన్ని తవ్వుకోకు.

కొత్త రౌటరు నేనే సూసి పంపుతాను. ఫోన్లు బాగుచేసుకునే కొట్టోడికి అదేం పెద్ద పని కాదు. అక్క ఫోను మాత్రం సార్జింగు పెట్టకు. ఇన్నాళ్ళు ఆగిపోయిన ఫోనుకి బేటరీ ఉబ్బిపోద్ది. చిలకమ్మ చేతికిచ్చి నాకు పంపీ. అందులో ఫొటోలు తీసిచ్చి, శుభ్రం చేసి ఉంచుతాను.

మా అమ్మాయి బేబీ నిన్ను అడిగినట్టు సెప్పమంది. దానికి జొరం జూలైలోనే తగ్గిపోయింది. సిన్నదే.

నీ బావమరిది
ఏడుకొండలు


పజుండౌంగ్,
21 అక్టోబరు 2021

ఏడుకొండలుకు,

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

'అనకూడదు గానీ' అని రాశావు. అనొచ్చు. నేను రోజూ అనుకుంటున్నదే.

నిన్న తడింజుట్. ఈ ఏడు మా వీధిలో ఎవరూ దీపాలు పెట్టలేదు. సైన్యం జైల్లో పెట్టిన పిల్లల కోసం పెట్టలేదన్నారు కొందరు. నాకు వేరే లెక్క ఉంది. పండక్కి మారుద్దాం అన్న రౌటర్ బీరువా మీద అలాగే ఉంది. పండగ వచ్చి వెళ్ళిపోయింది.

పనిచేస్తున్న వస్తువును మార్చకపోవడం నా అలవాటు. నేను దాన్ని క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. మీ అక్క బద్ధకం అనేది. ఆ డబ్బా వచ్చిన రోజు దాని వైఫైకి పేరు పెట్టింది ఆమే. 'ప్రమోద ఇల్లు'. ఇల్లు బావది, పేరు నీదా అని నువ్వు వెక్కిరించావు. పాస్‌వర్డ్ కూడా ఆమే. పప్పుచారు, పక్కన మా పెళ్ళైన ఏడాది. నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లలు వీధిలోంచి అడిగితే వరండాలోంచి గట్టిగా చెప్పేది. రహస్యం అనేది ఆమెకు చేతకాదు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు. దీపం ఎర్రబడ్డాక ఏడుసార్లు ఆపి వేశాను. వేసిన ప్రతిసారీ అది లేవడానికి ఐదారు నిమిషాలు. బీరువా ముందు కుర్చీ వేసుకుని దీపం వైపే చూస్తూ కూర్చున్నాను. పచ్చబడేది, మళ్ళీ ఎర్రబడేది. మెసేజ్ ఇప్పుడు వెళుతుంది, ఇప్పుడు వెళుతుంది అనుకున్నాను. ప్రమోద పక్క గదిలోంచి రెండుసార్లు పిలిచింది. వస్తున్నా అన్నాను. నాలుగూ పదికి వెళ్ళి చూశాను.

ఆరున్నరకు దీపం దానంతటదే పచ్చబడింది. అప్పటికి ఆమె ఫోన్‌లో ఛార్జింగ్ కూడా అయిపోయింది.

కొత్త రౌటర్ వద్దు. దాన్ని మారిస్తే నా తప్పులో సగం బయటపడేసినట్టు ఉంటుంది. అదీ నేనూ ఒకే గదిలో ఉంటున్నాం. ఉండనీ.

శంకరరావు


తాకేటా,
9 నవంబరు

బావా,

నీ ఉత్తరం సదివి అన్నం తినలేదు. అలాగనుకోకు. ఆయుర్దాయం ఎవరి సేతిలో లేదు.

రౌటరు సంగతి మాత్రం నా మాట ఇను. నేను రోజుకి పది సూస్తాను. డబ్బా మీద సెయ్యి పెడితే కాలిందనుకో, దాని రోజులైపోయినట్టే. రోజుకి రెండుసార్లు ఆపి వెయ్యాల్సొచ్చినా అంతే. కొత్త ఫోన్లకి అది సరిగా అందదు, పక్క గదిలోకెళ్తే తెగిపోద్ది. నీ దానికి ఇవన్నీ ఉన్నాయి. నాలుగేళ్ళు దాటితే దాన్ని చేసినోళ్ళే దాని మంచీ సెడ్డా సూడ్డం మానేస్తారు. ఎనిమిదేళ్ళంటే, పెద్దాయన్ని పిలిచినట్టు ఊ పెన్షనూ అని పిలవాలి దాన్ని.

కొత్తవాటిలో ఒక సదుపాయం ఉంది. ఎవరెవరి ఫోను దాని మీదుందో పేర్లతో సూపిస్తాది. ఏ టైంకి వొచ్చేడు, ఏ టైంకి పోయేడు, అంతా. అక్కర్లేనోడి పేరు మీద నొక్కితే ఆడు ఇక బయటే. పాస్‌వర్డు తెలిసినా లోపలికి రాలేడు. నీ పాతదాంట్లో ఇది లేదు.

కొత్తది పెట్టినప్పుడు పేరూ పాస్‌వర్డూ కూడా కొత్తవి పెట్టీ. పప్పుచారు సంగతి కుక్కలకి కూడా తెలుసు మీ వీధిలో. రోజులు బాగోలేవు.

అక్క ఫోను పంపలేదేటి? పాత డబ్బా కూడా పంపీ, ఇక్కడ పారేస్తాను. నీ కళ్ళ ముందు ఉండకపోతే నీకే తేలిక.

మాసికానికి రాలేకపోయేను. వంతెన మీద కొట్టోళ్ళని ఆపి మరీ సూస్తన్నారు. బేబీ వొస్తానంది గానీ మూడంతస్తులు ఎక్కలేదు. నాలుగు మెట్లకే ఆయాసం దానికి. మేనత్త పాత వాయిల్ చీర ఒకటి దుప్పటి లాగ కప్పుకుని పడుకుంటాది.

ఏడుకొండలు


పజుండౌంగ్,
11 డిసెంబరు 2021

ఏడుకొండలుకు,

నిన్న ఊరంతా మూసుకుంది. సైన్యం మీద నిరసనగా ఎవరూ బయటకు రాకూడదని పిల్లలు పిలుపిచ్చారు. బజారులో ఒక్క తలుపు తెరవలేదు. కాలువలో పడవ చప్పుడు మా మూడో అంతస్తుకు వినిపించింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు.

పంతొమ్మిదేళ్ళ పిల్లకు నాలుగు మెట్లకే ఆయాసం ఎందుకు? జ్వరం చిన్నదే అన్నావు.

ఫోన్ పంపను. ఆమె చీరల మధ్య ఉంది. ఛార్జింగ్ పెట్టనులే.

కింద అంతస్తులో ఉండే డా న్వే అనే ఆవిడ కూతురు తిరి నా దగ్గర లెక్కలు చెప్పించుకుంటోంది. సైన్యం తెరిచిన బడికి పోనని ఒట్టు పెట్టుకుంది. పైకి రావద్దన్నాను. ఈ ఇంట్లో జబ్బు ఉండేది కదా. అందుకని ఫోన్లోనే పాఠం. నిన్నటి పాఠంలో నాలుగుసార్లు తెగింది. ఐదోసారి ఆ పిల్ల, "సయా, మీ ఇల్లు మళ్ళీ నిద్రపోయింది" అని నవ్వింది. నేను నవ్వలేదు.

శంకరరావు


తాకేటా,
2 ఫిబ్రవరి 2022

బావా,

ఆలస్యానికి ఏటీ అనుకోకు. కొట్టు రెండు వారాలు మూసేను. మా వాడ పెద్ద ఒచ్చి ఎవరెవరి ఫోన్లు బాగుచేసేవో పేర్లు రాసిమ్మన్నాడు. నాకు బర్మా రాయడం రాదన్నాను. తెలుగులో రాసిచ్చేను. రెండు కాగితాలు. అందులో ఉన్నయ్యి పప్పులూ, దినుసులూ. బుర్ర ఊపి పట్టికెళ్ళిపోయేడు.

బేబీకి ఆయాసం అందరికీ ఉన్నట్టే ఉంది. ఈ ఊళ్ళో ఎవరికి లేదు? అంతకు ముందేడు దానికి డెంగీ కూడా వొచ్చింది కదా, ఆ నీరసం. దాని గురించి నువ్వు బెంగెట్టుకోకు.

రౌటరు ఎప్పుడు మారుస్తావు? నేనొకటి తెచ్చి ఉంచేను. పెట్టె ఇప్పలేదు. నీ మాట కోసం సూస్తన్నాను.

ఏడుకొండలు


పజుండౌంగ్,
24 మార్చి 2022

ఏడుకొండలుకు,

కరెంటు నాలుగు గంటలు ఉంటే నాలుగు గంటలు ఉండదు. వచ్చిన ప్రతిసారీ డబ్బా ఇరవై నిమిషాలు ఆలోచిస్తుంది. ఆ తర్వాత మిగిలిన టైములో ముప్పావు వంతు ఎరుపు.

తిరి ఏప్రిల్ ఆఖరున ఏదో విదేశీ పరీక్ష రాస్తుందట. ఇంట్లోంచే, కంప్యూటర్ మీద, మూడు గంటలు. మధ్యలో తెగితే ఆ ఏడాది పోయినట్టే. వాళ్ళింట్లో ఇంటర్నెట్ లేదు. నాదే వాడుకుంటారు. డా న్వే మొన్న అడిగింది. "ఊ శంకర్, మీ పెట్టె మీద నమ్మకం పెట్టుకోవచ్చా?" అంది. చేతిలో అరటిపండ్ల హస్తం ఉంది. నేను బీరువా మీద డబ్బా వైపు చూశాను. పండ్లు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఆలోచించాను. ఎప్పుడు మార్చాలి అని నువ్వు చాలా గుర్తులు రాశావు. నాకు ఒక్కటే గుర్తు కనిపించింది. దాని మీద ఇంకొకరు ఆధారపడి ఉంటే, వాళ్ళు అడిగిన రోజే మార్చాలి. మే నెలలో ప్రమోద అడిగింది.

ఒకసారి ఆలస్యం చేశాను. రెండోసారి చెయ్యను. పంపు.

శంకరరావు


తాకేటా,
29 మార్చి

బావా,

మంచి మాట రాసేవు. పెట్టె చిలకమ్మ గంపలో పంపుతున్నాను. పైన గోంగూర కప్పింది. గోంగూర నీకే.

నల్ల తీగ గోడలోంచి వొచ్చేది మొదటి కన్నంలో గుచ్చు. అది రంగు వేరుగా ఉంటాది. ఐదు నిమిషాలు ముట్టుకోకు. తరవాత నీ ఫోన్లోనే పేరు అడుగుద్ది, పాస్‌వర్డు అడుగుద్ది. బీరువా మీద పెట్టకు, దేవుడి పటాల పక్కనా పెట్టకు. గుమ్మం దగ్గర ఎత్తుగా పెడితే కింద అంతస్తుకి బాగా దిగుద్ది.

కొత్త పేరు పెట్టు బావా. మర్చిపోకు. పాత పేరు పెడితే పాత ఫోన్లన్నీ అడక్కుండా ఒచ్చి తగులుకుంటాయి. అది మంచిది కాదు, బరువు.

పాత డబ్బా చిలకమ్మ చేతికిచ్చీ. ఫోను కూడా.

ఏడుకొండలు


పజుండౌంగ్,
8 మే 2022

ఏడుకొండలుకు,

నీకు ముందు కృతజ్ఞత చెప్పాలి. తిరి పరీక్ష రాసింది. మూడు గంటలూ దీపం పచ్చగా ఉంది. కరెంటు పోయినప్పుడు తెగకుండా కింద వాళ్ళ బ్యాటరీకి తీగ లాగారు. నేను మెట్ల మీద కూర్చుని కాపలా కాశాను. పరీక్ష అయ్యాక ఆ పిల్ల పైకొచ్చి గుమ్మంలో ఉన్న డబ్బాకు దణ్ణం పెట్టింది. నేను అప్పుడు నవ్వాను. చాలా రోజులైంది.

నీ మాట ఒకటి వినలేదు. పాత పేరే ఉంచాను. పాస్‌వర్డ్ కూడా. కొత్త పేరు అడిగిన చోట పావుగంట వేలు ఆగిపోయింది. నాకు ఇంకో పేరు రాలేదు. 'ప్రమోద ఇల్లు' అనే కొట్టాను. నువ్వు రాసినట్టే జరిగింది. పిల్లల ఫోన్లన్నీ అడక్కుండానే వచ్చి కలిశాయి. వాళ్ళకు డబ్బా మారిందనే తెలియలేదు. బరువు అన్నావు. నాకు అలా అనిపించలేదు.

పాత డబ్బాను పాత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. పారెయ్యను.

ఒక మాట. నువ్వు లేకపోతే ఈ పది నెలలు నేను గడిపేవాణ్ణి కాదు. ఇలాంటివి నేను ఎదురుగా చెప్పలేను. ప్రమోద చెప్పేది, మావాడికి నోరెక్కువ గానీ మనసు వెన్న అని.

తిథి ప్రకారం సంవత్సరీకం జూలై ఏడున. ఆషాఢ శుద్ధ అష్టమి. పుట్టింటి చీర పటం ముందు పెట్టాలి. అది నువ్వే తేవాలి. పటానికి మంచి ఫొటో లేదు. మా పెళ్ళినాటిది ఉంది గానీ అందులో ఉన్న పిల్లను ఇప్పుడు నేను గుర్తుపట్టలేను. ఆమె ఫోన్లో బేబీ తీసినవి ఉంటాయి. బ్యాటరీ ఉబ్బలేదు, చూశాను. ఈ వారంలో ఛార్జింగ్ పెడతాను.

శంకరరావు


తాకేటా,
10 మే

బావా,

పెట్టకు. నీకు దణ్ణం పెడతాను. నేనే వొస్తాను. ఆదివారం పొద్దున్నే వొస్తాను. అందాక ఆ ఫోను ముట్టుకోకు.

ఫొటో బేబీ దగ్గర ఉంది. అదే తెస్తాను.

ఏడుకొండలు


పజుండౌంగ్,
16 మే 2022

ఏడుకొండలుకు,

నీ ఉత్తరం గురువారం అందింది. ఫోన్ నేను బుధవారం పెట్టాను.

అరగంటకు తెర వెలిగింది. నేను ఏమీ నొక్కలేదు. ఇంటి పేరు అదే గుర్తుపట్టి కలిసింది. ఒక్క నిమిషం నాకు ఎలా అనిపించిందో రాయను. తర్వాత మెసేజులు రావడం మొదలుపెట్టాయి. పది నెలలవి. ఆమె పోయిందని తెలియక ఒకావిడ దోసపిండి కొలత అడిగింది.

చాలా కిందికి వెళితే నేను పెట్టిన మెసేజ్ ఉంది. జూలై పదిహేడు, రెండూ ముప్పై నాలుగు. దాని కింద నీ మొహం ఉంది. గోళీ అంత. ఎదుటివాళ్ళు చదివితే అలా వస్తుందని తిరి చెప్పింది. చదివిన టైము రెండూ ముప్పై ఆరు.

దాని కింద ఇంకో వరస. నువ్వు మూడూ ఐదుకు ఒక మెసేజ్ పంపి తీసేశావని ఉంది.

అంటే దీపం ఎర్రబడక ముందే నా మెసేజ్ వెళ్ళింది. డబ్బా తన పని చేసింది.

ఆదివారం వస్తానన్నావు. తలుపు తెరిచి ఉంచాను. నువ్వు రాలేదని చిలకమ్మతో అనబోయి, కొత్త రౌటర్‌లో పేర్ల జాబితా చూశాను. నువ్వు చెప్పిన సదుపాయం. నీ ఫోన్ ఉంది. ఆదివారం ఎనిమిదీ పది నుంచి ఎనిమిదీ నలభై ఎనిమిది దాకా. పాత పేరు ఉంచినందుకు అది కూడా అడక్కుండానే కలిసింది. ముప్పై ఎనిమిది నిమిషాలు నా మెట్ల కింద నిలబడి వెళ్ళిపోయావు.

సిలిండర్ నిండుగా గోడకి ఆన్చి ఉందని రాశావు. ఆ కాగితం నా దగ్గర ఉంది.

ఆ మధ్యాహ్నం అది ఎక్కడ ఉంది? మూడూ ఐదుకు ఏం రాశావు?

శంకరరావు


తాకేటా,
2 జూన్ 2022

బావా,

రెండు వారాలు కాగితం పట్టుకుని కూచున్నాను.

సిలిండరు బేబీ ముక్కుకి ఉంది. పొద్దున్న పదకొండు నించీ. దానికి డెబ్భై తొమ్మిది. పెదాలు నేరేడు పండులా అయిపోయాయి. నీకు సెప్పలేదు. జొరం సిన్నదే అని అక్కకి ముందు రోజే అబద్ధమాడేను. సెప్తే సిలిండరు గురించి నువ్వేటంటావో అని. నువ్వు ఏటీ అనవు. అది నాకు తెలుసు. అయినా సెప్పలేదు.

నీ మెసేజ్ సూసేను. సూసి బేబీ ముక్కు మీద గొట్టం సూసేను. ఒక సెయ్యి ఆ గొట్టం మీద పెట్టేను కూడా. అది కళ్ళిప్పి, నాన్నా, అత్తకెలాగుంది అనడిగింది. బాగుంది అన్నాను. సెయ్యి తీసేను.

సిన్న ఫోను పాడవలేదు. నువ్వు సేస్తావని నేనే ఆపేను.

మూడూ ఐదుకి 'తెస్తన్నాను' అని రాసేను. రాసి, తేలేనని తెలిసి తీసేసేను. 'తేలేను' అని రాద్దునా అనుకున్నాను. ఆ మాట మా అక్కకి రాయడానికి నా సెయ్యి ఆడలేదు. అక్షరాలు నేర్పింది అదే కదా.

తర్వాత సెప్టెంబర్లో నువ్వే అడిగేవు. దీపం ఎర్రబడిందని నువ్వే రాసేవు. అందిందా అని ఒక్క ముక్క రాయమన్నావు. నిజం సెప్తాను బావా, తప్పుకునే దారి నీ ఉత్తరంలోనే కనబడింది నాకు. నేను దూరేను. దూరేక మళ్ళీ వెనక్కి రావడం తెలీలేదు. రౌటరు మార్చీ మార్చీ అని నేను అన్నది నీ మంచికే కొంత. ఎక్కువ నాకే.

ఆదివారం వొచ్చేను. మెట్ల కాడ చీర సంచీ పట్టుకుని నిలబడ్డాను. పైనించి నీ దగ్గు వినబడింది.

బేబీకి ఏదీ తెలీదు. సిలిండరు ఒకటే ఉందని కూడా తెలీదు దానికి.

నన్ను అష్టమికి రానిస్తావా? రావద్దంటే రాను. తిట్టు. ఏదో ఒకటి రాయి.

ఏడుకొండలు


పజుండౌంగ్,
1 జూలై 2022

ఏడుకొండలుకు,

నెల రోజులు జవాబు ఇవ్వలేదు. కోపం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గాక రాద్దామనుకున్నాను. అలా ఆగడం కూడా నా పాత అలవాటే. అందుకని రాస్తున్నాను.

సిలిండర్ బేబీకి పెట్టావు. అది తప్పని నేను అనను. ప్రమోదను అడిగి ఉంటే ఆమే పెట్టమనేది. నీ చేతిలోంచి లాక్కుని ఆ పిల్ల ముక్కుకు పెట్టేది. అది నీకూ తెలుసు. అడగలేదు.

'తేలేను' అని రాయలేకపోయానన్నావు. ఆ ఒక్క మాట నీ చేతిలోంచి వచ్చి ఉంటే ఏమయ్యేదో చెబుతాను. దీపం మధ్యమధ్య పచ్చబడుతూనే ఉంది. నీ మాట అందేది. అది అందితే ఆమె బతికేదని కాదు. నేను బీరువా ముందు నుంచి లేచేవాణ్ణి. పక్క గదిలోకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. గంటన్నర ఉంది మాకు. రెండుసార్లు పిలిచింది. ఎందుకు పిలిచిందో నాకు ఎప్పటికీ తెలియదు. నువ్వు వస్తావని, నీకు నా మాట చేర్చాలని, నేను ఆ దీపం వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత పది నెలలు, ఒక పాత డబ్బాను మార్చనందుకు నా భార్యను నేనే చంపుకున్నానని అనుకున్నాను. నీకు రాశాను కూడా. నువ్వు చదివావు. చదివి, దాన్ని ఎప్పుడు మార్చాలో గుర్తులు రాసి పంపావు. గోంగూర పంపావు.

దీన్ని నేను దాటలేను. ప్రయత్నించాను.

అటక మీద నుంచి పాత రౌటర్ దింపి తుడిచాను. బీరువా మీద దాని చోట పెట్టాను. తీగ లేదు. ఊరికే ఉంటుంది. దాని మీద ఏ నేరమూ లేదు.

అష్టమి నాడు బేబీని పంపు. పుట్టింటి చీర అది తెస్తుంది. చిలకమ్మను తోడు రమ్మన్నాను. ప్రతి అంతస్తులో ఒక కుర్చీ వేయిస్తాను. ఒక్కసారిగా ఎక్కనివ్వకు, కూర్చుంటూ రమ్మను. దానికి ఏమీ చెప్పకు. నేనూ చెప్పను. చెబితే ఆ పిల్ల తీసుకునే ప్రతి శ్వాసా అత్తదని లెక్కపెట్టుకుంటుంది. అది ఊపిరి తీసుకోనీ.

పాస్‌వర్డ్ మార్చలేదు. బేబీ ఫోన్ గుమ్మంలోకి రాగానే దానంతటదే కలుస్తుంది.

జాబితాలో నీ పేరు మీద నొక్కాను. నువ్వు చెప్పినట్టే పనిచేస్తోంది. ఇక నువ్వు మెట్ల కింద ఎంతసేపు నిలబడినా నాకు తెలియదు.

శంకరరావు